తాయ్ చీ నేర్చుకుంటే నాకేమి ఒరుగుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లోని ఇందిరా పార్కులో పొద్దున ఆరింటికి చెట్ల కింద మేము ఏడెనిమిది మందిమి తాయ్ చీ అనే నెమ్మదైన చైనా వ్యాయామం చేస్తూ ఉంటాం. నడకకు వచ్చినవారు ఒక చుట్టు పూర్తి చేసుకుని మళ్లీ మా దగ్గరికి వచ్చేసరికి మేము అదే చెట్టు కింద, నాలుగడుగులు జరిగి ఉంటాం. కొందరు ఆగి చూస్తారు, కొందరు దగ్గరికి వచ్చి అడుగుతారు. తొమ్మిదేళ్లుగా నాకు ఎదురైన ప్రశ్నలివి. నేను డాక్టరును కాను. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. అందుకే నా ఒంట్లో నేను గమనించినదాన్ని, వైద్య పరిశోధనల్లో తేలినదాన్ని కలిపేయకుండా దేనికది విడిగా చెబుతాను.

ఇంత నెమ్మదిగా చేతులు ఊపితే ఏమి వస్తుంది?

అందరూ చేతులనే చూస్తారు. అసలు పని కాళ్లలో జరుగుతుంది. మామూలు నడకలో మనం ముందుకు ఒరిగిపోతూ, పడబోయే క్షణంలో రెండో కాలు ఆనించి నిలబడతాం. చిన్నప్పటి నుంచి అలవాటు కాబట్టి ఆ సంగతే తెలియదు. తాయ్ చీలో అలా కుదరదు. ముందు ఒంటి బరువంతా ఒక కాలి మీదికి చేరాలి. రెండో కాలు పూర్తిగా ఖాళీ కావాలి. ఆ ఖాళీ కాలిని ముందుకు చాచి, మడమ తేలికగా ఆనించి, నేల గట్టిగానే ఉందని తెలిశాక, ఒక చెంబులోని నీళ్లు మరో చెంబులోకి ఒంపినట్టు బరువును మెల్లగా అందులోకి ఒంపాలి. మధ్యలో ఎక్కడ ఆపినా తూలకూడదు. అడుగు వేశాక కూడా వెనక్కి తీసుకోగలగాలి.

ఇప్పుడు మన ఊరి ఫుట్‌పాత్‌ను తలచుకోండి. ఒక రాయి ఎత్తు, ఒక రాయి పల్లం, పక్కనే కదిలే మ్యాన్‌హోల్ మూత. జులైలో వాన పడితే నీళ్ల కింద గుంట ఉందో లేదో తెలియదు. ఆగీ ఆగని సిటీ బస్సు మెట్టు మీద నుంచి దిగాలి. స్నానాల గదిలో సబ్బు నీళ్లు. ఇలాంటి చోట్ల మనల్ని కాపాడేది అడుగు వెనక్కి తీసుకోగలగడమే. తాయ్ చీ వల్ల నాకు కలిగిన లాభాలన్నింటిలో మొదటిది ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

నేను ఇందులోకి వచ్చిందీ ఒక పడిపోవడం వల్లనే. మా అమ్మ స్నానాల గది గడప దగ్గర జారింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది, ఎముక అతికింది, కానీ అమ్మకు తన కాళ్ల మీద తనకున్న నమ్మకం తిరిగి రాలేదు. గదిలోంచి వరండాలోకి రావడానికి కూడా గోడ పట్టుకునేది. భయంతో నడక తగ్గింది, నడక తగ్గితే కాళ్లు సన్నబడ్డాయి, కాళ్లు సన్నబడితే భయం పెరిగింది. ఆ వలయాన్ని రెండేళ్లు దగ్గరగా చూశాను. నాకు యాభై రెండు నిండిన ఏడాది తాయ్ చీలో చేరాను.

పడిపోవడం తగ్గుతుందని రుజువు ఉందా?

ఉంది, బలంగానే ఉంది. అమెరికాలోని ఆరెగాన్‌లో 70 ఏళ్లు దాటి, పడిపోయే ప్రమాదం ఎక్కువగా ఉన్న 670 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టు తాయ్ చీ, ఒక జట్టు బలానికి, నిలకడకు కలిపి చేసే వ్యాయామాలు, ఒక జట్టు ఒళ్లు సాగదీసే వ్యాయామాలు, వారానికి రెండు గంటల చొప్పున 24 వారాలు చేశారు. 2018లో ఫలితం వచ్చింది. సాగదీసే వ్యాయామాల వారితో పోలిస్తే తాయ్ చీ జట్టులో పడిపోవడాలు 58 శాతం తక్కువ. రెండో జట్టుతో పోల్చినా 31 శాతం తక్కువ. అన్ని అధ్యయనాల్లోనూ ఇంత పెద్ద తేడా రాలేదు. పరిశోధనలన్నింటినీ కలిపి 2019లో చేసిన సమీక్షలో తగ్గుదల 19 శాతం దగ్గర నిలిచింది. నాకు ఆ అంకె కూడా చిన్నదిగా అనిపించదు. అయిదు పతనాల్లో ఒకటి తప్పినా ఒక ఇంట్లో ఒక అమ్మ తన పనులు తాను చేసుకుంటూ ఉంటుంది.

ఒళ్లు వణికి కదలికలు మందగించే పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవారి మీద కూడా ఆరెగాన్‌లోనే 195 మందితో ఒక అధ్యయనం జరిగింది. 2012లో అచ్చయింది. వ్యాధి తొలి, మధ్య దశల్లో ఉన్నవారికి నిలకడ మెరుగైంది. జబ్బు నయమవుతుందని దాని అర్థం కాదు. మందులు మానకుండా, మనిషి తోడుగా ఉండి చేయించాలి.

పేరులోని 'చీ' అంటే ప్రాణశక్తేనా?

కాదు. ఇంగ్లిష్ అక్షరాల వల్ల వచ్చిన పొరపాటు ఇది. చైనీయులు ప్రాణశక్తి అనే అర్థంలో వాడే మాట వేరు, ఈ పేరులోని రెండో అక్షరం వేరు. పూర్తి పేరు తాయ్ జి చువాన్. తాయ్ జి అంటే అన్నింటికీ మూలమైన పరమతత్త్వం. నలుపు తెలుపు చేపల్లా ఒకదాన్నొకటి చుట్టుకున్న గుర్తు దానిదే. చువాన్ అంటే పిడికిలి, అంటే కుస్తీ, ముష్టియుద్ధం వంటి విద్య. మేము మెల్లగా చాపే ప్రతి చేయీ నిజానికి ఒక దెబ్బో, ఒక అడ్డో. చైనాలోని హెనాన్ రాష్ట్రంలో చెన్‌జియాగౌ అనే ఊరి చెన్ కుటుంబం పదిహేడో శతాబ్దం నుంచి దీన్ని కాపాడుకుంటూ వచ్చింది. ఆ కుటుంబం దగ్గర నేర్చుకున్న యాంగ్ లుచాన్ పందొమ్మిదో శతాబ్దంలో బీజింగ్‌కు తీసుకెళ్లాడు. ఆయన మనవడు యాంగ్ చెంగ్‌ఫు దూకుళ్లు, తొక్కుళ్లు తీసేసి, అందరూ చేయగలిగేలా నెమ్మదిగా, ఒకే వేగంతో సాగే పద్ధతిని వ్యాప్తి చేశాడు. ఆ యాంగ్ పద్ధతి నుంచే 1956లో చైనా క్రీడా సంఘం 24 భంగిమల చిన్న వరుసను తయారుచేసింది. మేము చేసేది అదే. మొత్తం చేయడానికి అయిదారు నిమిషాలు పడుతుంది. 2020లో యునెస్కో ఈ విద్యను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

భంగిమల పేర్లు నాకెంతో ఇష్టం. అడవి గుర్రం జూలు విడదీయడం, తెల్ల కొంగ రెక్కలు చాచడం, మేఘాల్లా చేతులు కదపడం. పేరు గుర్తుంటే ఒళ్లు దానంతట అదే ఆ పని చేస్తుంది.

మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. చేయవచ్చా?

చాలామంది ఈ ప్రశ్నతోనే వస్తారు. చేయవచ్చు, కానీ ఎలా చేస్తున్నారన్నదే ముఖ్యం.

ముందు మంచి మాట. బోస్టన్‌లో మోకాలి కీలు అరిగిన 204 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు 12 వారాలు తాయ్ చీ, మరో జట్టుకు ఫిజియోథెరపీ ఇచ్చారు. నొప్పి రెండు జట్లలోనూ ఇంచుమించు సమానంగా తగ్గింది. 2016 నాటి ఫలితం ఇది. 2019లో అమెరికాలోని కీళ్ల వైద్యుల సంఘం మోకాలు, తుంటి అరుగుదలకు తాయ్ చీని గట్టిగా సిఫారసు చేసింది. కారణం ఊహించడం కష్టం కాదు. తొడ ముందు భాగంలోని కండరం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. మోకాలు కొద్దిగా వంచి, నెమ్మదిగా బరువు మార్చడం ఆ కండరానికి నిలకడైన పని. కుదుపు ఉండదు, గెంతు ఉండదు.

ఇక హెచ్చరిక. తాయ్ చీలోనే మోకాలు పాడుచేసుకోవచ్చు, నేను చేసుకున్నాను. మొదట నేను చేరిన చోట గురువు యువకుడు. తనలాగే మా అందరినీ కిందికి దిగమనేవాడు. ఎంత కిందికి దిగితే అంత విద్య వచ్చినట్టు అనుకున్నాను. మూడో నెలలో కుడి మోకాలు వాచింది, రెండు నెలలు మానేశాను. తర్వాత దొరికిన గురువు నా పాదాలు చూసి ఒకే మాట చెప్పారు. "మీ మోకాలు ఎటు చూస్తోందో కాలి వేళ్లూ అటే చూడాలమ్మా." ఆ రోజు నుంచి నేను నమ్ముకున్న సూత్రం అదే. మోకాలు లోపలికి ఒరగకూడదు, కాలి వేళ్లను దాటి ముందుకు పోకూడదు. తిరగవలసి వస్తే ముందు ఆ కాలి మీది బరువు తీసేసి, మడమ మీద పాదాన్ని తిప్పి, ఆ తర్వాతే బరువు వేయాలి. బరువు మోస్తున్న మోకాలిని మెలితిప్పితే ఏ విద్య అయినా హాని చేస్తుంది. ఎంత కిందికి దిగాలి అంటారా? ఎత్తైన స్టూలు మీద కూర్చోబోతున్నట్టు, అంతే. నొప్పి పుడితే ఇంకాస్త పైకి లేవండి. నిలబడలేనివారు కుర్చీలో కూర్చుని చేసే పద్ధతి కూడా ఉంది.

నేను రోజూ గంటసేపు నడుస్తాను. అది చాలదా?

గుండెకు, షుగర్‌కు నడక చాలా మంచిది, దయచేసి మానకండి. కానీ చదునైన బాట మీద ముందుకే సాగే నడక నిలకడను అంతగా పరీక్షించదు. పక్కకు అడుగు వేయడం, వెనక్కి నడవడం, ఒంటి కాలి మీద ఆగడం, తల ఒకవైపు తిప్పుతూ ఒళ్లు మరోవైపు కదపడం అందులో ఉండవు. పడిపోయేది సరిగ్గా అలాంటి క్షణాల్లోనే. 65 దాటినవారు మామూలు వ్యాయామంతో పాటు వారానికి కనీసం మూడు రోజులు నిలకడనూ బలాన్నీ పెంచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మూడు రోజులు నడక చివర పదిహేను నిమిషాలు తాయ్ చీకి ఇచ్చి చూడండి.

యోగా ఉండగా చైనా విద్య ఎందుకు?

యోగా చేస్తూ సంతోషంగా ఉన్నవారు మారవలసిన పని లేదు. మా గుంపులో ఇద్దరు రెండూ చేస్తారు. తేడా మాత్రం ఉంది. ఆసనంలో ఒక స్థితికి చేరి అక్కడ నిలుస్తాం. తాయ్ చీలో ఎక్కడా ఆగం, ఒక స్థితి నుంచి మరో స్థితికి పోయే దారే అసలు అభ్యాసం. రెండోది, ఇందులో కింద కూర్చోనక్కరలేదు, చాప అక్కరలేదు. నేల మీద కూర్చుని లేవలేని వయసులో మొదలుపెట్టేవారికి ఇది పెద్ద వెసులుబాటు.

ఇది మతానికి సంబంధించినదా?

కాదు. దాని వెనక తావో అనే పాత చైనా చింతన ఉంది, కానీ పూజ లేదు, మంత్రం లేదు. మా గుంపులో అన్ని మతాలవారూ ఉన్నారు. రంజాన్ నెలలో ఒక పెద్దమనిషి సహరీ అయ్యాక నేరుగా పార్కుకే వస్తారు.

బీపీ, షుగర్ తగ్గుతాయా?

బీపీ గురించి మంచి ఆధారం ఉంది. బీజింగ్‌లో రక్తపోటు హద్దు దగ్గరకు చేరిన 342 మందిని ఏడాది పాటు గమనించారు. సగం మంది తాయ్ చీ, సగం మంది చురుకైన నడక, జాగింగ్, సైకిల్ వంటివి, వారానికి నాలుగు గంటలు. తాయ్ చీ జట్టులో పై అంకె సగటున 7 పాయింట్లు, రెండో జట్టులో సుమారు 4.6 పాయింట్లు తగ్గింది. 2024లో వచ్చింది. వారానికి నాలుగు గంటలు అన్న మాట గమనించండి. ఆదివారం ఒక్కపూట చేస్తే ఆ ఫలితం రాదు. మీ మాత్ర తగ్గించాలా వద్దా అన్నది డాక్టరు చెప్పవలసిన మాట.

షుగర్‌కు మరే వ్యాయామం చేసినట్టే ఇదీ ఉపయోగపడుతుంది, అంతకుమించి నేను చెప్పను. కానీ చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవారికి అరికాళ్ల స్పర్శ తగ్గుతుంది. నేల ఎలా ఉందో కాలు చెప్పదు కాబట్టి వారు తూలుతారు. వారికి నిలకడ అభ్యాసం మరీ అవసరం. అయితే గడ్డి మీద చెప్పులు లేకుండా చేయకూడదు. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. ఇన్సులిన్ తీసుకునేవారు ఖాళీ కడుపుతో రాకండి.

బరువు తగ్గుతానా?

తాయ్ చీ ఒక్కదానితో పెద్దగా తగ్గరు. ఇందులో ఖర్చయ్యే శక్తి మామూలు నడకంత. బరువే మీ లక్ష్యమైతే పళ్లెంలోని అన్నం గురించి ముందు ఆలోచించాలి.

రాత్రిళ్లు నిద్ర పట్టదు, మనసు నిలవదు. ఉపయోగం ఉంటుందా?

రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడి నిద్రలేమితో బాధపడుతున్న 90 మంది స్త్రీలతో ఒక అధ్యయనం చేశారు. నిద్రలేమికి డాక్టర్లు ముందుగా సూచించే, ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే చికిత్స ఒక జట్టుకు, తాయ్ చీ మరో జట్టుకు. పదిహేను నెలల తర్వాత చూస్తే రెండింటి ఫలితమూ దాదాపు సమానం.

నా అనుభవం వేరే కోణంలోది. కళ్లు మూసుకుని కూర్చుని ధ్యానం చేయమంటే నా మనసు పాల ప్యాకెట్లు, కరెంటు బిల్లు చుట్టూ తిరిగేది. తాయ్ చీలో మనసుకు ఒక పని ఉంటుంది. బరువు ఎక్కడ ఉంది, భుజాలు పైకి లేచాయా, శ్వాస బిగబట్టానా, తర్వాతి భంగిమ ఏది? బిల్లు గుర్తొచ్చిన క్షణంలో కాలు తూలుతుంది, వెంటనే తెలిసిపోతుంది. మా గుంపులోకి గచ్చిబౌలిలో పనిచేసే ఒక అబ్బాయి వారాంతాల్లో వస్తాడు. "ఆంటీ, వారంలో నేను ఫోను చూడని అరగంట ఇదొక్కటే" అన్నాడు. పాతికేళ్లవాడికి పడిపోయే భయం లేదు. వాడికి దొరికిన లాభం అది, నాది ఇది. బాధ లోతుగా ఉన్నవారు మాత్రం దీన్నే నమ్ముకుని వైద్యుని దగ్గరికి వెళ్లడం వాయిదా వేయకండి.

చీరలో చేయవచ్చా? కాళ్లకు ఏమి వేసుకోవాలి?

నేను మొదలుపెట్టింది చీరలోనే. కుచ్చిళ్లు చీలమండ పైకి ఉంటే ఇబ్బంది లేదు. ఇప్పుడు సల్వార్ కమీజ్ వేసుకుంటున్నాను, అడుగు స్వేచ్ఛగా పడుతుంది. హవాయి చెప్పులు వద్దే వద్దు. మందమైన మెత్తటి పరుగు బూట్ల కంటే అడుగు పలుచగా, చదునుగా ఉండే కాన్వాస్ బూట్లు మంచివి, నేల తెలుస్తుంది.

హైదరాబాద్‌లో ఎక్కడ, ఎప్పుడు చేయాలి?

నలుగురు నిలబడే చదునైన చోటు, కాస్త నీడ ఉంటే చాలు. ఇందిరా పార్కు, సంజీవయ్య పార్కు, యూసుఫ్‌గూడలోని కృష్ణకాంత్ పార్కు, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్, ఉస్మానియా ప్రాంగణంలోని చెట్ల నీడ, ఏది దగ్గరైతే అది. దూరంగా ఉన్న మంచి పార్కు కంటే దగ్గరలో ఉన్న చిన్న పార్కు మేలు, రోజూ వెళ్తారు.

కాలాన్ని బట్టి వేళ మార్చుకోండి. మే నెలలో పగలు నలభై డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఆరున్నరకల్లా ముగించాలి. వానాకాలంలో మేడ మీద పాకుడు పడుతుంది, అక్కడ వద్దు. అపార్టుమెంటు సెల్లారులో బండ్లు వెళ్లిపోయాక ఖాళీ అయిన చోటు బాగుంటుంది. జనవరిలో ఆరున్నర దాటాక గానీ పొద్దు పొడవదు. ఆ చలిలో కీళ్లు బిగుసుకుని ఉంటాయి, పొగమంచులో పొగ కూడా కలిసి ఉంటుంది. ఆ నెలన్నర ఏడున్నరకు రండి, ముందు పది నిమిషాలు నడిచి ఒళ్లు వేడి చేసుకోండి.

అందరూ చూస్తారని సిగ్గుగా ఉంటుంది.

నాకూ మొదటి రెండు వారాలు ఉండేది. చూసినవారిలో ముగ్గురు ఇప్పుడు నా పక్కన నిలబడి చేస్తున్నారు.

వీడియో చూసి నేర్చుకోవచ్చా?

వరుస గుర్తు పెట్టుకోవడానికి వీడియో మంచిది. కానీ మీ మోకాలు లోపలికి ఒరుగుతోందని వీడియో చెప్పదు. మొదటి మూడు నెలలైనా ఒక మనిషి ఎదురుగా ఉండాలి. మన ఊళ్లో తాయ్ చీ నేర్పేవారు యోగా గురువులంతగా కనబడరు, వెతకాలి. చేరేముందు ఒక తరగతి పక్కన నిలబడి చూడండి. గురువు కొత్తవారిని జబ్బుల గురించి అడుగుతున్నారా? వయసును బట్టి ఎత్తు మారుస్తున్నారా? తప్పు అడుగును ఓపికగా సరిదిద్దుతున్నారా? క్యాన్సర్ నయం చేస్తామని, ముట్టుకోకుండానే మనుషుల్ని పడగొడతామని చెప్పేవారి దగ్గర మాత్రం చేరకండి.

ఎన్నాళ్లకు తేడా తెలుస్తుంది?

పరిశోధనల్లో ఎక్కువగా వారానికి రెండుసార్లు, గంట చొప్పున, 12 నుంచి 24 వారాలు చేయించారు. నాకు మొదటి నెలంతా తికమకే. ఎడమ చేయి ఏదో కుడి కాలు ఏదో తెలిసేది కాదు. రెండో నెల చివర ఒక పెళ్లికి వెళ్తూ, గుమ్మం దగ్గర ఒంటి కాలి మీద నిలబడి చెప్పు పట్టీ పెట్టుకున్నాను. పెట్టుకున్నాక గమనించాను, గోడ పట్టుకోలేదు.

ఎవరు ముందుగా డాక్టరును అడగాలి?

ఈమధ్య ఆపరేషన్ జరిగినవారు, గుండె జబ్బు ఉన్నవారు, ఎముకలు బాగా గుల్లబారినవారు, తరచూ కళ్లు తిరిగేవారు, గర్భిణులు. కళ్లు తిరగడానికి కారణం చెవిలో ఉండవచ్చు, బీపీ మాత్రలో ఉండవచ్చు. అది తేలకుండా వ్యాయామం మొదలుపెట్టకండి. చేసేటప్పుడు ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆపి కూర్చోండి.

ఈ రోజే ఇంట్లో మొదలుపెట్టాలంటే?

వంటింటి గట్టు పక్కన నిలబడండి. పాదాలు భుజాల వెడల్పున, వేళ్లు ముందుకు. మోకాళ్లు బిగించకండి. ఒక అరచేతిని గట్టు మీద ఆనించండి. ఇప్పుడు బరువును మెల్లగా కుడి కాలిలోకి ఒంపండి. ఎడమ పాదం కింద కాగితం ఉంటే లాగేయగలిగినంత ఖాళీ కావాలి. మూడు శ్వాసలు ఆగండి. మళ్లీ అంతే మెల్లగా ఎడమ కాలిలోకి. భుజాలు కిందికి వదిలేయండి, చూపు ఎదురుగా కిటికీ మీద ఉంచండి. కుక్కరు మూడు విజిళ్లు వేసేవరకు చేస్తే ఈ రోజుకు చాలు. రెండో వారంలో గట్టు మీది చేతిని ఒక అంగుళం పైకెత్తి, అక్కడే ఉంచి చేయండి.